మెరీనాలో ముందు తమరు

గుమ్మడిలంకకు వెళ్లే పాత రేవును ప్రభుత్వం వారు ఒక శుభముహూర్తాన మెరీనాగా మార్చారు. మార్చారంటే గోదావరినేమీ చెయ్యలేదు. అది ఎప్పటిలాగే బురదరంగులో తన పని తాను చూసుకుంటూ పోతోంది. రేవు మెట్లకు తెల్లరంగు వేశారు. నీళ్లమీద ప్లాస్టిక్ డబ్బాలతో తేలే చప్టా ఒకటి కట్టారు. పడవలు నిలిచే చోటు చుట్టూ నారింజరంగు బుడగల దండ వేసి, అందులో ఒకచోట కమాను నిలబెట్టి, దానికి ‘నౌకా ద్వారం’ అని పేరు పెట్టారు. ఆ ద్వారంలోంచి ఒక్కసారికి ఒక్క పడవే పడుతుంది. అంత ఇరుకెందుకని ఎవరో అడిగితే, వెడల్పు చేస్తే కమాను ఫొటోలో అందంగా రాదని ఇంజనీరుగారు చెప్పారట.

సంగాడి నూకరాజుకు ఇందులో దేనిమీదా అభ్యంతరం లేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ రేవునుంచి గుమ్మడిలంకకు పడవ నడుపుతున్న మనిషి. లంకలో నూటముప్పై గడపలుంటాయి. వంతెన లేదు. వాళ్ల పాలూ, అరటిగెలలూ, జ్వరాలూ, పురుళ్లూ, పెళ్లివారూ అన్నీ నూకరాజు పడవలోనే ఇవతలికి రావాలి. రేవులో ఇంకా పదకొండు పడవలున్నాయి గాని వాటి దారులు వేరు. కొన్ని చేపల వేటకు పోతాయి, కొన్ని పై లంకలకు పోతాయి, రెండు షికార్లకు తిరుగుతాయి. గుమ్మడిలంక మాత్రం నూకరాజుది. తాతనాటినుంచీ రేవులో బస్సు ఆగేచోటుకు ఎదురుగా వాళ్లకో కట్టుకొయ్య ఉంది. ఆ కొయ్యకు పడవ కట్టేస్తే లంకవాళ్లు ఒక్క అడుగు బురద తొక్కకుండా మెట్లెక్కి పోతారు.

తంటా అంతా మెరీనాతోబాటు వచ్చిన పుస్తకంతోనే మొదలైంది.

జల మర్యాదల ప్రత్యేకాధికారి ప్రభంజనరావుగారు ఆ మధ్య ఏదో చలిదేశానికి అధ్యయన యాత్రకు వెళ్లి పది రోజులుండి వచ్చారు. అక్కడ పడవలవాళ్లు ఎదురుపడితే చేతులూపుకుంటారనీ, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటారనీ, ఒక్కడూ కేకెయ్యడనీ చూసి చలించిపోయారు. రాగానే అరవైనాలుగు పుటల ‘నౌకా శిష్టాచార నియమావళి’ అచ్చు వేయించి, పన్నెండు పడవలవాళ్లకూ మూడు రోజుల శిక్షణ పెట్టారు.

“నావికులారా!” అన్నారు మొదటి రోజున.

పన్నెండుమందీ వెనక్కి తిరిగి చూశారు, ఎవరైనా వచ్చారేమోనని.

“మిమ్మల్నే. ఇకమీదట మీరు సరంగులు కారు, నావికులు. ‘ఎల్లెహే’, ‘తప్పుకోరా’ వగైరా పదప్రయోగములు మెరీనా పరిధియందు సంపూర్ణంగా నిషేధించడమైనది. ఎదుటివారిని ‘తమరు’ అని మాత్రమే సంబోధించవలెను. కేకలు, ఈలలు, ప్రతికేకలు కూడదు. తాళ్లు చుట్టలు చుట్టి పెట్టవలెను. వలలు ఆరవేయరాదు. లుంగీ మోకాలికి పైన కట్టరాదు.”

“మరి నీళ్లలో దిగాలంటేనండీ?” అన్నాడు నూకరాజు.

“దిగే ముందు అనుమతి తీసుకోండి,” అన్నారు ప్రభంజనరావుగారు.

వీటన్నిటికీ తలమానికం ఏడో నియమం. చలిదేశం పుస్తకంలో, రెండు పడవలు ఎదురైతే కుడిపక్కనున్న పడవకు ఎడమపక్కది దారి ఇవ్వాలని ఉందట. దాన్ని ఆఫీసులో న్యాయవిభాగానికి పంపారు. పడవల మధ్య కుడి ఎడమల తేడా చూపడం సమానత్వానికి విరుద్ధమనీ, దారి ఇచ్చే భాగ్యం అన్ని పడవలకూ సమానంగా కల్పించాలనీ వాళ్లు రాసి పంపారు. అలా తయారైంది ఏడో నియమం: ‘ద్వారమువద్ద ప్రతి నావికుడును ఎదుటి నావికునికే ముందుగా దారి ఇవ్వవలెను.’ ‘ముందు తమరు’ అన్నవాడికి ఒక మర్యాద మార్కు. వినకుండా ముందు వెళ్లినవాడికి ఒక అమర్యాద మార్కు. మర్యాద మార్కులు వంద వస్తే ‘నౌకా శిష్టరత్న’ బిరుదు, శాలువా. అమర్యాద మార్కులు మూడు వస్తే రేవులో కట్టుకొయ్య పీకేస్తారు.

ఈ పుస్తకాన్ని ఇంకెక్కడైనా అమలుచేసి ఉంటే ఎవడో ఒకడు కొంచెం సిగ్గుమాలినవాడు ముందు వెళ్లిపోయి ఉండేవాడు, పని జరిగేది. కాని తెచ్చి పెట్టింది గోదావరి జిల్లాలో. భోజనాల దగ్గర విస్తరి ఎత్తేశాక కూడా ఇంకో బూరె వేసుకోమని గంటసేపు బతిమాలే జనం. అడక్కుండానే మర్యాద చేసేవాళ్లకు, మర్యాద చెయ్యకపోతే శిక్ష అని చెబితే ఏమవుతుందో ఆఫీసులో ఎవరికీ తట్టలేదు.

శిక్షణ అయిన మర్నాడే తెలిసింది. పాలక్యాన్లతో లంకనుంచి వస్తున్న నూకరాజుకు ద్వారం దగ్గర భావన్నారాయణ పడవ ఎదురైంది. భావన్నారాయణ వరసకు బావ. ముప్పై ఏళ్లలో ఇద్దరూ ఒకరినొకరు ‘ఒరేయ్ బావా’ అనే తప్ప పిలుచుకోలేదు. ఆ ముందువారం దాకా ఇద్దరిలో ఎవరి పడవ బరువుగా ఉంటే వాళ్లు ముందు పోయేవారు, రెండోవాడు ఓ తిట్టు తిట్టి పక్కకు జరిగేవాడు. అలాంటిది ఇప్పుడు చప్టామీద కుర్చీ వేసుకుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని మర్యాద పరిశీలకుడు కూర్చుని ఉన్నాడు.

“ముందు తమరెల్లండి, బావగారూ,” అన్నాడు భావన్నారాయణ.

“అబ్బే, ముందు తమరేనండి,” అన్నాడు నూకరాజు.

“ఎంత మాటండీ, తవరు లోడుతో ఉన్నారు.”

“తవరు పేసింజర్లతో ఉన్నారండి. తవరే ఎల్లాలి.”

భావన్నారాయణ పడవలో పైలంకకు పోయే పెద్దాయనొకడు లేచి నిలబడి, “మావల్ల పాలాయనకి ఆలీసం కాకూడదండి, మేం ఆగుతాం,” అన్నాడు. పాలక్యాన్ల పక్కన కూర్చున్న లంకవాళ్లు ఊరుకుంటారా? “అయ్యో, మీరు ఆగడవేంటండి, మాకు నామోసీ,” అన్నారు. అలా నలభై నిమిషాలు గడిచాయి. పరిశీలకుడు ఇద్దరికీ ఇరవైరెండేసి మార్కులు వేసి, చెయ్యి నొప్పిపుట్టి ఆగాడు.

అప్పటికి ఎండ ఎక్కింది. మూడు క్యాన్ల పాలు విరిగాయి. లంకలో ఏడు గడపలవాళ్లు తెల్లవారుజామున లేచి పితికిన పాలు. ఆ వాసనకు నూకరాజుకు ఒళ్లు మండింది.

“ఎహె, తప్పుకో బావా!” అని గెడతో భావన్నారాయణ పడవను పక్కకు తోసి లోపలికి వచ్చేశాడు.

పరిశీలకుడు రిజిస్టరులో ఎర్రసిరాతో రాసుకున్నాడు: ముందు వెళ్లుట, ఒకటి.

రెండో మార్కు వారం తిరక్కుండానే వచ్చింది. లంకవాళ్లు అవతలి గట్టున నిలబడి “ఓ నూకరాజో!” అని కేకేస్తే, ఇతను ఇవతలినుంచి “వత్తన్నా!” అని బదులు కేక వెయ్యాలి. ఆ బదులు వినబడకపోతే పడవ లేదనుకుని నడుములోతు నీళ్లలో పాయ దాటడానికి దిగేస్తారు. అలా దిగి కొట్టుకుపోయినవాళ్ల పేర్లు నూకరాజు ఇప్పటికీ చెప్పగలడు. అందుకని ఆరోజు లంక మంగాయమ్మ కేకేస్తే బదులు కేక వేశాడు. మామూలు గొంతుతోనే వేశాడు, కాని అతని మామూలు గొంతు అవతలి గట్టుకు చేరేది. ప్రతికేక వేయుట, రెండు.

“బదులు పలక్కపోతే నీళ్లలో దిగుతారండీ,” అన్నాడు నూకరాజు ప్రభంజనరావుగారి ముందు నిలబడి.

“చెయ్యి ఊపండి.”

“కిలోమీటరు దూరం సార్. మంగాయమ్మకి సుక్లాలండి.”

“కంటివైద్యం మా శాఖ పరిధిలోకి రాదు,” అన్నారు ప్రభంజనరావుగారు. “చూడండి నూకరాజుగారూ, మీమీద నాకు వ్యక్తిగతంగా ఎటువంటి దురభిప్రాయమూ లేదు. కాని మెరీనాలో అత్యధిక అమర్యాద మీదే. ఇంకొక్కటి వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు.”

ఆ సాయంత్రం నూకరాజు కట్టుకొయ్య దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. అది పోతే లంకవాళ్లు ఎక్కడ దిగాలి? కిలోమీటరు దిగువన చాకిరేవు దాటాక గట్టు ఉంది గాని, అక్కడ మోకాలిలోతు బురద. పురిటినొప్పుల మనిషిని మంచంమీద మోసుకొచ్చి ఆ బురదలో ఎలా దించుతారు? ఆ ఆలోచన వస్తే అతనికి భయమేసింది. ఇక బుద్ధిగా ఉండాలని అనుకున్నాడు. అనుకున్నట్టే ఆ నెలంతా ద్వారం దగ్గర ‘ముందు తమరు’ అంటూ అందరికంటే వెనక నిలబడ్డాడు, లంకకు రోజుకు ఆరుసార్లు తిరిగేవాడు రెండుసార్లు తిరిగాడు.

ద్వారం దగ్గర పడవలు పేరుకుపోతున్నాయన్న సంగతి పైవాళ్లకు తెలియకపోలేదు. ప్రభంజనరావుగారు సమీక్షా సమావేశంలో దాన్ని ‘మర్యాదాధిక్యత’ అని పిలిచి, పథకం అంచనాలకు మించి సఫలమైందనడానికి అదే నిదర్శనమన్నారు. అయినా ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం వరస నంబర్లతో టోకెన్లు ఇచ్చింది. ఒకటో నంబరు వచ్చినవాడు దాన్ని వినయంగా రెండో వాడి చేతిలో పెట్టాడు, రెండోవాడు మూడోవాడికిచ్చాడు, మధ్యాహ్నానికి ఒకటో నంబరు టోకెను పన్నెండు చేతులూ తిరిగి మొదటివాడి దగ్గరికే వచ్చింది. అందరికీ మార్కులు పడ్డాయి. తరవాత చీటీలు తీసే పద్ధతి పెట్టారు. చీటీలో పేరు వచ్చినవాడు, తాను అర్హుణ్ణి కానంటూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకున్నాడు. దరఖాస్తులో భాష బాగుందని అతనికి అదనంగా ఐదు మార్కులు వేశారు. నెలాఖరుకు భావన్నారాయణకు తొంభైఏడు మార్కులొచ్చాయి. పడవ ఇంజను మాత్రం తుప్పు పట్టసాగింది.

శ్రావణమాసంలో పైన వానలు పడి గోదావరికి వరద వచ్చింది. ఏటా వచ్చేదే. కాని ఆ ఏడు ఒక్క పొద్దులోనే నాలుగడుగులు పెరిగింది. తొమ్మిది గంటలకు లంకనుంచి కేక వినబడింది. ఒక్క మంగాయమ్మది కాదు, ఊరంతటిదీ. పల్లంవైపు గడపలు మునుగుతున్నాయి. ముప్పైఏడుమంది గుడి అరుగెక్కి నిలబడ్డారని ఫోను కూడా వచ్చింది.

నూకరాజు పరుగెత్తుకొచ్చి పడవ విప్పాడు. ద్వారం దగ్గర అప్పటికే పదకొండు పడవలూ ఉన్నాయి. అందరూ లంకకు బయలుదేరినవాళ్లే. ఆ మాట చెప్పకపోతే అన్యాయం, ఒక్కడు కూడా గుండె లేనివాడు కాదు.

“ముందు తవరెల్లండి, జనం మునిగిపోతన్నారు!”

“నిజవేనండి, అందుకే తవరే ముందెల్లాలి!”

“మీ ఇంజను పెద్దదండి, ఎల్లండి బాబూ!”

“మీకు ఈత బాగా వచ్చండి, మీరు ముందుండాలి!”

పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పరిశీలకుడు రిజిస్టరు తెరిచాడు. ప్రభంజనరావుగారు జీపులో వచ్చి, చప్టామీద నిలబడి మైకు తీసుకున్నారు.

“నావికులారా! ఆపత్కాలమునందే శిష్టాచారము పరీక్షకు నిలుచును. ఎవ్వరును తొందరపడవలదు. వరద సమయమందు ద్వారప్రాధాన్యత గురించి నియమావళి మౌనముగా ఉన్నందున, స్పష్టత కోరుతూ ఇప్పుడే పైకి రాశాము. సమాధానము వచ్చువరకు యథాతథస్థితి!”

“ఎప్పటికి వస్తాదండీ?” అని అరిచాడు నూకరాజు.

“రెండో శనివారం కాబట్టి సోమవారం,” అన్నారాయన మైకులోనే.

నూకరాజు వెనక్కి తిరిగి తన కట్టుకొయ్యను చూసుకున్నాడు. నీళ్లు దాని మెడదాకా వచ్చాయి. తాత పాతిన కొయ్య, నాన్న తారు పూసిన కొయ్య. అది పోతే ఇరవై ఆరేళ్ల బతుకు బురదగట్టుకు పోతుంది. అవతలినుంచి కేక మళ్లీ వచ్చింది, ఈసారి సన్నగా.

“వత్తన్నా!” అని గొంతు చించుకుని అరిచి, గెడ అందుకున్నాడు. ముందున్న పడవను ఎడమకు తోశాడు, దాని పక్కదాన్ని కుడికి తోశాడు. “తప్పుకోండెహే! దండం పెడతా, తప్పుకోండి!” అని తిట్టాడు, ఏడ్చాడు, తోశాడు. ద్వారం దగ్గర భావన్నారాయణ పడవ అడ్డంగా ఉంది. భావన్నారాయణ నూకరాజు కళ్లలోకి చూడలేకపోయాడు. తన పడవను పక్కకు లాక్కుని, రెండు డీజిలు క్యాన్లూ నాలుగు ట్యూబులూ నూకరాజు పడవలోకి విసిరాడు.

“నువ్వు కూడా రా బావా!”

“తొంభైతొమ్మిదిరా,” అన్నాడు భావన్నారాయణ నెమ్మదిగా. “మా ఆవిడ సాలవాకి పెట్టి కూడా కాళీ సేసింది.”

నూకరాజు నాలుగుసార్లు తిరిగాడు. నాలుగోసారి గుడి అరుగుమీద నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. చివర మంగాయమ్మను భుజాన వేసుకుని దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ముప్పైఏడుమందీ ఒడ్డుకు చేరారు. పదకొండు పడవలూ అక్కడే ఉన్నాయి, ఒక్కదానికీ చిన్న గీత కూడా పడలేదు.

విచారణ సోమవారం జరిగింది. ముగ్గురు సభ్యుల సంఘం. ప్రభంజనరావుగారు అధ్యక్షులు.

“సదరు దినమున తాము ఎన్ని పడవలను అధిగమించితిరి?”

“పదకొండండి.”

“ఒక్కొక్క పర్యాయమునకు పదకొండు. నాలుగు పర్యాయములు. అనగా నలభైనాలుగు అధిగమనములు. ఇందులో ఎన్నింటికి క్షమాపణ కోరితిరి?”

“ఒచ్చేటప్పుడు అడుగుదావనుకున్నానండి. పడవలో పిల్లలు ఒణికిపోతన్నారండి.”

“కోరలేదని రాసుకోండి,” అన్నారు అధ్యక్షులు గుమాస్తాతో. రెండో సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. “ప్రయాణికులు పడవ ఎక్కేటప్పుడు ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారా?”

సాక్షిగా వచ్చిన మంగాయమ్మ లేచింది. “ఇచ్చుకున్నారు బాబూ. ముందు పిల్లల్ని ఎక్కించాం. ఆనక కడుపుతో ఉన్నదాన్ని ఎక్కించాం. ఆకర్ని నేనెక్కాను. మాకు ఎవరూ పుస్తకం ఇవ్వలేదు.”

“పుస్తకం లేకుండా పాటించిన మర్యాదకు మార్కులు వేసే అధికారం మాకు లేదమ్మా,” అన్నాడా సభ్యుడు బాధగా.

“మార్కులెవడికి కావాలి? ఆ కొయ్య పీకద్దు. మా కాళ్లు బురదలో పెట్టకండి బాబూ,” అని మంగాయమ్మ చేతులు జోడించింది. ఆవిడ దండం అధ్యక్షులవైపు కాక బీరువావైపు పెట్టింది. ఎవరూ నవ్వలేదు.

తీర్పు రెండు పేజీలు. ముప్పైఏడు ప్రాణములు దక్కుట హర్షణీయమే అయినను, అది నియమోల్లంఘన ద్వారా సాధింపబడినందున ఇతర నావికులకు దుష్ట ఆదర్శము కాగలదనీ, ఇటువంటి రక్షణలు కొనసాగినచో మర్యాద మీద ప్రజలకు విశ్వాసము సన్నగిల్లుననీ రాశారు. కొయ్య పీకడానికి ఇద్దరు మనుషులొచ్చారు. వేళ్లు దిగిన చెట్టులా అది పొద్దున్నుంచి సాయంత్రందాకా రాలేదు. నూకరాజు చూడలేక గట్టుకు అటుపక్కకు పోయి కూర్చున్నాడు. ఆ వారమే భావన్నారాయణకు శాలువా కప్పారు.

అప్పటినుంచీ లంకవాళ్లు కిలోమీటరు దిగువన, చాకిరేవు దాటాక, మోకాలిలోతు బురదలో దిగుతున్నారు. నూకరాజు నాలుగు తాటిదుంగలు పరిచాడు. అవి నెలకోసారి కుంగిపోతాయి, మళ్లీ పరుస్తాడు. అక్కడ మెరీనా లేదు కాబట్టి నియమావళి లేదు. పడవ రోజుకు ఆరుసార్లు తిరుగుతోంది.

మెరీనాలో ఏడాదిపాటు ఒక్క ప్రమాదం జరగలేదు. ఢీకొనడాలు లేవు, మునకలు లేవు, డీజిలు వాసన లేదు, కేక లేదు. నూకరాజు వెళ్లిపోయాక అక్కడినుంచి పడవ కదిలిందీ లేదు. దేశంలోకెల్లా అతి సురక్షిత జలకేంద్రంగా దాన్ని బహుమతికి ఎంపిక చేయడానికి పెద్ద ఊరినుంచి ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. చూశారు, మెచ్చుకున్నారు. నదిలోంచి ఒక ఫొటో తీసుకుంటామన్నారు. దానికి ఏదైనా ఒక పడవ ద్వారం దాటాలి. పదకొండు పడవలూ అతిథుల కోసం పోటీపడి మరీ దారులిచ్చుకున్నాయి. గంటన్నర చూసి, ప్రభంజనరావుగారు చెమట తుడుచుకుంటూ వాళ్లను జీపెక్కించి చాకిరేవు దాటించారు. ప్యాంట్లు మడిచి, తాటిదుంగలమీద ఒకరి చెయ్యొకరు పట్టుకుని నలుగురూ నూకరాజు పడవెక్కారు. ప్రభంజనరావుగారు నూకరాజును గుర్తుపట్టనట్టు లంకవైపు చూస్తూ కూర్చున్నారు.

పడవ మెరీనాకు ఎదురుగా రాగానే పెద్ద నిర్ణేత ఫొటోలు తీసుకున్నారు. కమాను చాలా అందంగా వచ్చింది. పడవలు బొమ్మల్లా బారులు తీరి ఉన్నాయి.

“ఎంత క్రమశిక్షణ!” అని ఆయన నూకరాజువైపు తిరిగారు. “నువ్వు మాత్రం అక్కడ లేవేమయ్యా?”

“ఉండేవోణ్ణండి. కొయ్య పీకేశారండి.”

“ఏం చేశావు?”

“ముందెల్లిపోయానండి.”

“ఎవరికంటే ముందు?”

నూకరాజు చుక్కాని సరిచేసుకున్నాడు.

“నీళ్లకంటేనండి,” అన్నాడు.